పాత సిస్టమ్‌కి విండోస్ 11 రావట్లేదు. లినక్స్‌కి మారాలా, మ్యాక్ కొనాలా? ఇంట్లో అను (తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్) మీద డీటీపీ పని ఉంది

బ్రాడీపేట నాలుగో లైను:
అందరికీ నమస్తే. మాది గుంటూరు. ఇంట్లో ఒకటే డెస్క్‌టాప్, 2017లో కొన్నాం. ఐ3 ఏడో తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, అప్పటి హార్డ్ డిస్కే. పగలంతా దాని మీద మా అమ్మ డీటీపీ చేస్తుంది. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, అప్పుడప్పుడు చిన్న పుస్తకాలు, అన్నీ అనులో కొట్టి, పేజీలు కట్టే పేజ్‌మేకర్‌లో పెడుతుంది. సాయంత్రం తమ్ముడి ఇంటర్ క్లాసులు, మాక్ టెస్టులు. రాత్రి నాన్న కూర్చుని కరెంటు బిల్లు, బ్యాంకు పని చూసుకుని యూట్యూబ్‌లో ప్రవచనాలు వింటారు.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. 11 వేద్దామంటే ఈ ప్రాసెసర్‌కి కుదరదని చూపిస్తోంది. షాపులో అడిగితే ఇది పక్కన పెట్టి కొత్తది తీసుకోండి అన్నారు. ఫ్రెండ్ ఏమో విండోస్ బదులు లినక్స్ వేసెయ్, ఫ్రీ అంటాడు. బాబాయి ఒక్కసారి మ్యాక్ కొంటే ఏళ్ళ తరబడి చూసుకోనక్కర్లేదంటాడు. డబ్బు సంగతి అలా ఉంచండి, 20 ఏళ్ళుగా ఒకే కీబోర్డుకి అలవాటు పడిన చేతులు ఆమెవి, పెళ్ళిళ్ళ సీజన్ మధ్యలో పని ఆగిపోతే ఏంటనేదే నా టెన్షన్. రోజూ వాడేవాళ్ళు చెప్పండి.

గవర్నర్‌పేట డీటీపీ:
తమ్ముడూ, ముందు అమ్మగారి పని సంగతి తేల్చుకో, మిగతావి తర్వాత. నేను విజయవాడలో ప్రెస్సులకి పేజీలు కట్టి ఇస్తుంటాను. అనులో కొట్టింది మనకి తెలుగులా కనిపిస్తుంది కానీ కంప్యూటర్ లెక్కలో అది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తుల కోడ్ మీద తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చోబెట్టారు, అంతే. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌కి, అంటే ఏ సిస్టమైనా ఫోనైనా తెలుగుగానే గుర్తుపట్టే కోడ్‌కి, మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, నేనూ వాడతాను, కానీ మార్చాక ప్రతి పేజీ చదవాల్సిందే, వత్తుల దగ్గర తేడాలొస్తాయి. పెళ్ళి కార్డులో పెళ్ళికూతురి పేరు తప్పు పడితే ఆ వెయ్యి కార్డులు ఎవరు కట్టుకుంటారు?

పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, అది 2001 నాటిది. దాని స్థానంలోకి ఇన్‌డిజైన్ వచ్చింది కానీ అదీ విండోస్‌కీ మ్యాక్‌కే, లినక్స్‌కి లేదు. ఫొటోషాప్, కోరల్‌డ్రా కూడా అంతే. అందుకని ఆ సిస్టమ్‌లోంచి విండోస్ తీసెయ్యమని ఎవరు చెప్పినా వినొద్దు. 20 ఏళ్ళ ఫైళ్ళు ఉంటాయి అందులో. పాత కస్టమర్ వచ్చి "అమ్మా, మా పెద్దమ్మాయి పెళ్ళికి వేసిన కార్డే చిన్నదానికీ వెయ్యండి" అంటే తీసి చూపించాలి కదా. ఇవాళే ఆ ఫోల్డర్లన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చెయ్యి. వేరే ఏ పని చేసినా దీని తర్వాతే.

పటమట పెంగ్విన్:
డీటీపీ విషయంలో పైన అన్నగారు చెప్పిందే నా మాట కూడా. కాకపోతే మీ నాన్నగారికీ తమ్ముడికీ విండోస్ అవసరం ఏముంది? వాళ్ళు వాడేదంతా బ్రౌజర్‌లోనే. మా ఇంట్లో ఆరేళ్ళుగా లినక్స్ మింట్ నడుస్తోంది, మా అత్తయ్యగారు కూడా అందులోనే చూసుకుంటారు. కింద మెనూ, పక్కన గడియారం, పాత విండోస్‌లాగే ఉంటుంది కాబట్టి ఆవిడకి నేను విడిగా నేర్పించింది ఏమీ లేదు. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, మీ 8 జీబీ ర్యామ్‌కి హాయిగా నడుస్తుంది.

ఒక మంచి సంగతి చెప్పనా, లినక్స్‌లో తెలుగు టైపింగ్‌కి ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎం17ఎన్ కీబోర్డులు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ లేఅవుట్లతో పాటు ఆపిల్ లేఅవుట్ కూడా దొరుకుతుంది. అమ్మగారు అనులో వాడేది ఆపిల్ లేఅవుటే అయితే మెయిలో వాట్సాప్ మెసేజో యూనికోడ్‌లో కొట్టడానికి ఆ చేతి అలవాటు చాలావరకు పనికొస్తుంది. పోతన, వేమన ఫాంట్లు కూడా ప్యాకేజీగా వస్తాయి.

వెయ్యకముందు పెన్‌డ్రైవ్ మీద లైవ్‌లో నడిపి చూడండి, హార్డ్ డిస్క్‌ని ముట్టుకోదు. మీ ప్రింటర్‌తో ఒక పేజీ ప్రింట్ తీయండి. లినక్స్‌లో నేను ఎక్కువ అవస్థ పడింది ప్రింటర్లతోనే, ఒక పాత లేజర్ ప్రింటర్‌తో రెండు ఆదివారాలు కూర్చున్నా డ్రైవర్ కుదరలేదు. తమ్ముడు రాసే పరీక్షల్లో లాక్ చేసే ప్రత్యేక బ్రౌజర్ అడిగేవి ఉన్నాయేమో కూడా కనుక్కోండి, అలాంటివి కొన్ని లినక్స్‌లో నడవవు.

లబ్బీపేట:
మ్యాక్ వాడేవాడిగా చెప్తున్నా, మీ ఇంటికి ఇప్పుడు మ్యాక్ వద్దు. 2020 నవంబర్‌లో వచ్చిన ఎం1 చిప్ మ్యాక్‌బుక్ ఎయిర్ నాది, ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు, బ్యాటరీ రోజంతా వస్తుంది, తెలుగు కీబోర్డు అందులోనే ఉంటుంది, నాకు దాని మీద చాలా ఇష్టం. కానీ అమ్మగారి పేజ్‌మేకర్ ఇందులో నడవదు. ఎం సిరీస్ చిప్ మ్యాక్‌లలో వెనకటిలా బూట్ క్యాంప్ పెట్టి విండోస్ వేసుకోవడమూ కుదరదు.

ఇంకో మాట, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని ఇంటెల్ చిప్ మ్యాక్‌లు చూపిస్తారు, వాటి జోలికి పోకండి. ఇంటెల్ మ్యాక్‌లకి మ్యాక్‌ఓఎస్‌లో టాహోనే ఆఖరి వెర్షన్ అని ఆపిల్ 2025 జూన్‌లోనే చెప్పేసింది, అది కూడా కొన్ని మోడళ్ళకే వస్తుంది.

సర్వీస్ చేస్తుంటా:
నేను అరండల్‌పేటలో రిపేర్లు చేస్తుంటాను. వారానికి ఇలాంటి సిస్టమ్‌లు ఒకటి రెండైనా వస్తాయి. మీ దాంట్లో టీపీఎం, అంటే విండోస్ 11 అడిగే సెక్యూరిటీ ఏర్పాటు, ఉండే ఉంటుంది, బయోస్‌లో పీటీటీ అని చూడండి. అడ్డం వస్తున్నది ప్రాసెసర్, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే విండోస్ 11 లిస్టులో ఉన్నాయి. చెకింగ్ దాటించి బలవంతంగా 11 వేసేవాళ్ళు ఉన్నారు, వేస్తే నడుస్తుంది కూడా. అలా వేసిన సిస్టమ్‌కి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే రాసింది కాబట్టి సంపాదన మీద ఆధారపడ్డ సిస్టమ్‌కి నేనైతే వెయ్యను.

విండోస్ 10కి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం ఉంది, 2026 అక్టోబర్ 13 దాకా. వెర్షన్ 22హెచ్2 ఉండాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు, విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అని కనిపిస్తుంది. ముందు అది చేయించండి. ఆ పాత హార్డ్ డిస్క్ స్థానంలో దానికంటే చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ పెట్టించండి. సిస్టమ్ ముసలిదైపోయింది అని తెచ్చే వాటిలో చాలావాటికి జబ్బు హార్డ్ డిస్కే. ఉన్న విండోస్‌ని ఉన్నట్టే క్లోన్ చేస్తే అను, పేజ్‌మేకర్ మళ్ళీ వేసే పని కూడా ఉండకపోవచ్చు. అమ్మగారికి కస్టమర్లు పెన్‌డ్రైవ్‌లు తెస్తుంటారు కదా, స్కాన్ చెయ్యకుండా ఒక్కటి కూడా తెరవొద్దని చెప్పండి. వైరస్‌లు పట్టుకొచ్చేవి అవే.

బ్రాడీపేట నాలుగో లైను:
అందరికీ చాలా థ్యాంక్స్. పది రోజుల తర్వాత రాస్తున్నా. ఆ రాత్రే అమ్మ ఫైళ్ళన్నీ కాపీ చేశాను, 2006 నాటి కార్డులు కూడా ఉన్నాయి. ఎస్‌ఎస్‌డీ పెట్టించి విండోస్ 10ని క్లోన్ చేయించాను, అను మామూలుగానే తెరుచుకుంది. ఎన్‌రోల్ కూడా అయిపోయింది. పేజ్‌మేకర్ క్లిక్ చెయ్యగానే వచ్చేసరికి అమ్మ నిజంగా కొత్త సిస్టమ్ కొన్నావా అని అడిగింది.

పాత హార్డ్ డిస్క్ పడెయ్యలేదు, అందులో మింట్ వేసి పక్కనే ఉంచాను, స్టార్ట్ అయ్యేటప్పుడు ఏది కావాలో అడుగుతుంది. నాన్న రెండు రోజులు గొణిగి ఇప్పుడు అలవాటు పడ్డారు, బ్యాంకు పని అందులోనే చేస్తున్నారు. తమ్ముడి మాక్ టెస్టులు బాగానే నడిచాయి. ప్రింటర్ మాత్రం మింట్‌లో పలకలేదు. ప్రింట్లు అమ్మ వైపు నుంచే తీస్తున్నాం.

డీటీపీ అన్నా, ఒక్క సందేహం. కస్టమర్లు ఇప్పుడు మ్యాటర్ అంతా వాట్సాప్‌లో యూనికోడ్‌లోనే పంపిస్తున్నారు, అమ్మ చూసి మళ్ళీ మొత్తం కొడుతోంది. మెల్లగా యూనికోడ్‌కి మారుద్దామంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గవర్నర్‌పేట డీటీపీ:
కార్డులతో వద్దు, అక్షరాల అందం అక్కడ ముఖ్యం, అను ఫాంట్లే అడుగుతారు. చిన్న పుస్తకం ఏదైనా వచ్చినప్పుడు మొదలుపెట్టండి. మ్యాటర్ ఉన్నదున్నట్టు తీసుకుని మండలి అనే యూనికోడ్ ఫాంటులో నాలుగు పేజీలు పెట్టి ప్రింట్ తీసి అమ్మగారికి చూపించు. ఆవిడ కంటికి ఆనితేనే ముందుకెళ్ళు.