జయంత్ నార్లీకర్ గారి కథలకు తెలుగు అనువాదం ఉందా?

ఖగోళ శాస్త్రవేత్త, సైన్సు కథల రచయిత నార్లీకర్ గారు 2025 మే 20న పుణేలో పోయారు. అప్పటినుంచి మనసులో ఉన్న పని ఇది. ఆయన పుట్టినరోజు జులై 19 సాయంత్రం, విజయనగరంలో మా పాఠకులం ఇరవై మందిమి కూర్చుని ఆయన కథ ఒకటి పైకి చదువుకోవాలనుకుంటున్నాం. సగం మంది తెలుగు మీడియంలో చదివిన ఇంటర్ పిల్లలు.

ఇక్కడి గ్రంథాలయంలో రెండుసార్లు వెతికాను. విశాఖలో మూడు పాత పుస్తకాల షాపులు తిరిగాను. మరాఠీ, హిందీ, ఇంగ్లిష్ అంటారు గానీ తెలుగు మాత్రం దొరకలేదు. ఆయన కథ ‘ది కామెట్’ను ఇంగ్లిష్‌లోనే చదివి చూశాం, రెండో పేజీకే పిల్లలు వెనకబడిపోయారు. ఫోన్‌లో అనువాదం చేయిస్తే సైన్సు మాటలు పర్వాలేదు. కానీ తోకచుక్కను కనిపెట్టినాయన ఇంట్లోనే శాంతి పూజ జరిగే ఘట్టం ఉంది చూడండి, కథకు ప్రాణమే అది, అక్కడ మాటలు చచ్చిపోయాయి. ఆయనకు అలా నివాళి ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

ముప్పై, నలభై నిమిషాల్లో చదవగలిగే ఆయన కథ ఏదైనా తెలుగులో వచ్చిందా? వస్తే ఏ పుస్తకంలో, లేదా ఏ పత్రిక ఏ సంచికలో చెప్పగలరా?