‘అమరుడు’ అంటే చచ్చిపోయినవాడా?

గ్రూపులో పెద్దలను ఒక సందేహం అడగాలి. మావాడి కోసం మార్వెల్ వాళ్ళ సూపర్‌హీరో వుల్వరిన్ కామిక్స్ కథను తెలుగులో రాసిపెడుతున్నాను. 2001లో మొదలైన ‘ఆరిజిన్’, ఆరు సంచికలు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో కెనడాలోని అల్బర్టా. జేమ్స్ హౌలెట్ అని ఎప్పుడూ మంచాన పడే ధనవంతుల పిల్లాడు. వీడే తరవాత వుల్వరిన్ అవుతాడు. తండ్రిని కళ్ళముందే కాల్చి చంపేసరికి వాడి చేతుల్లోంచి ఎముక గోళ్ళు పొడుచుకొస్తాయి. వాణ్ణి వెంటబెట్టుకుని పారిపోయిన రోజ్ అనే అమ్మాయి కూడా చివరికి పొరపాటున ఆ గోళ్ళకే బలైపోతుంది. ఎంత గాయమైనా మానిపోయి, ఏళ్ళు గడిచినా చావని ఇతన్ని ‘అమరుడు’ అని రాస్తే మావాడు, “అమరవీరుల స్తూపం అంటాం కదా, మరి ఇతను పోయాడా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

— మీవాడు తెలివైనవాడండీ. మరణం లేనివాడనే అర్థమున్న మాటను మనం పోయినవాళ్ళకే వాడుతున్నాం. ‘అమరుడయ్యాడు’ అన్నామంటే దండ పడిపోయినట్టే. ‘చిరంజీవి’ అనండి, గొడవ వదిలిపోతుంది.

— వదలదండీ. శుభలేఖలో పెళ్ళికొడుకు పేరు ముందు ‘చి.’ పెట్టే అలవాటు మనది. అది దీవెన. వుల్వరిన్ పక్కన ఆ మాట పెడితే ఇప్పుడే తాళి కట్టబోతున్నట్టుంటుంది.

— ‘సప్తైతే చిరజీవినః’ అన్న శ్లోకంలో మొదటి పేరే అశ్వత్థామది కదా? ఆయనది దీవెనేం కాదే.

— అక్కడే ఉంది తమాషా. హనుమంతుడికి వరం, అశ్వత్థామకు శాపం, ఇద్దరికీ ఒకటే మాట. సౌప్తిక పర్వంలో కృష్ణుడి శాపం చూడండి: 3000 ఏళ్ళు ఒంటరిగా, చీమూ నెత్తురూ కంపు కొడుతూ, పలకరించే దిక్కు లేకుండా తిరగమని. వుల్వరిన్‌ది దీనికి తిరగేసిన కథ. ఒంటి మీద గాయం ఇట్టే మానిపోతుంది. మానక సలిపేది గతం. అదీ ఏళ్ళ తరబడి గుర్తుకే రాదు. 2005లో జ్ఞాపకాలన్నీ తిరిగొచ్చాక నడిచిందే ‘వుల్వరిన్: ఆరిజిన్స్’, 2006 నుంచి 2010 దాకా 50 సంచికలు. చనిపోయిన భార్య ఇట్సు, తన మీద పగబట్టిన కొడుకు డాకెన్, అన్నీ అందులోనే తవ్వుకుంటాడు.

— అన్నట్టు, వుల్వరిన్‌లాంటి యాంటీహీరోని, అంటే మంచివాడి లక్షణాలన్నీ లేని కథానాయకుణ్ణి, ‘ప్రతినాయకుడు’ అని మాత్రం రాయకండి. అది రావణుడి లెక్క. యాంటీహీరో అనే ఉంచేయండి, ఎవరూ కొట్టరు.

— మా నాయనమ్మ తొంభై దాటాక, పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని “నాకు చావైనా రాదేమే” అనేది. ముందు తన ఇద్దరు కొడుకులు పోయారు. ‘చావు రాని మనిషి’ అని రాసి చూడండి. జాలీ, విసుగూ రెండూ ఉన్నాయందులో.

— ఇదే ఖాయం చేస్తున్నానండీ. కాకపోతే 2014లో గాయాలు మానే శక్తి పోయి వుల్వరిన్ చచ్చిపోతాడు.

— అయితే ఆ సంచిక దగ్గర ‘అమరుడు’ వాడుకోండి. మళ్ళీ బతికొచ్చినప్పుడు కొట్టేద్దురుగాని.