అప్‌డేట్: బత్తాయి ధరల బాట్‌లో థ్రెడ్ కుదిరింది

నల్లగొండ బత్తాయి ధరలను బ్లూస్కై అనే సోషల్ మీడియాలో తనంతట తానే పెట్టే మా బాట్ (ప్రోగ్రామ్) గురించి మొన్న అడిగాను కదా. పోస్టుకు 300 అక్షరాలే (నయం, గుణింతాలకు విడిగా లెక్క పడదు), అందుకే జాబితాను ముక్కలు చేసి, ఒకదాని కింద ఒకటి రిప్లైగా, అంటే థ్రెడ్‌గా పెట్టాల్సి వస్తోంది. మూడో ముక్కను దేనికి తగిలించాలన్నదే నా ప్రశ్న.

కుదిరింది. ప్రతి రిప్లైలో రూట్ (థ్రెడ్ మొదలైన పోస్టు), పేరెంట్ (నేరుగా ఏ పోస్టుకు రిప్లై ఇస్తున్నామో అది) రెండూ పంపాలి. ఒక్కోదానికి యూఆర్ఐ (పోస్టు చిరునామా), సీఐడీ (పోస్టులోని విషయాన్ని బట్టి వచ్చే గుర్తింపు కోడ్) ఉండాలి. రెండో ముక్కకు రెండూ మొదటి పోస్టే. మూడోదానికి పేరెంట్ రెండోది, రూట్ మాత్రం మొదటిదే. థ్రెడ్ ఎంత పొడుగైనా అది మారదు. పోస్టు పడగానే సర్వర్ ఆ యూఆర్ఐ, సీఐడీ తిరిగి పంపుతుంది, దాచుకుంటే చాలు.

ఎవరైనా రైతు కింద రిప్లైలో అడిగితే, ఆయన పోస్టునే పేరెంట్‌గా పెట్టి, అందులో ఉన్న రూట్‌ను అలాగే కాపీ చేస్తున్నాం. సెలవు రోజు ఖాళీ థ్రెడ్ పడటం ఇంకా ఆగలేదు, ఈ ఆదివారం దాని పని చూడాలి.