స్టాక్ తనిఖీలో ఏ సీరియల్ నంబరు చెల్లుతుంది: స్టిక్కరు మీదదా, కమాండ్ చూపేదా?

ల్యాబ్ తాళాలు

మా కళాశాలలో ఏటా జరిగే స్టాక్ తనిఖీ దగ్గరపడింది. ల్యాబ్‌లో ఎక్కువ భాగం కంపెనీ డెస్క్‌టాప్‌లు, ఒక వరుస అసెంబుల్ చేయించినవి, బీరువాలో కొన్ని ల్యాప్‌టాప్‌లు. ఇన్నేళ్లుగా పద్ధతి ఒకటే. ప్రతి డబ్బానూ బల్ల కింద నుంచి లాగి, వెనక్కి తిప్పి, టార్చి వేసి స్టిక్కరు చదవాలి. ఒకరు చెబుతుంటే మరొకరు రాసుకోవాలి. ఈసారి కుర్చీలోంచి లేవకుండా కమాండ్‌తో నంబర్లన్నీ రాబట్టి ఎక్సెల్‌లో పెడతానన్నాను. స్టోర్స్ చూసే పెద్దాయన ససేమిరా అన్నారు. యంత్రం తన గురించి తాను చెప్పుకునేది సాక్ష్యం కాదట. మీరు ఎవరి పక్షమో కారణాలతో చెప్పండి, ఆయనకు చూపిస్తాను.

నల్లతెర

మీ పక్షమే. స్టిక్కరంటే కాగితం ముక్క. ల్యాప్‌టాప్ అడుగున ఉంటే ఏడాది తిరగకుండానే అరిగిపోతుంది. మిగిలిన అక్షరాల్లో 8 ఏదో ‘బి’ ఏదో, సున్నా ఏదో ‘ఓ’ ఏదో పోల్చుకోవడం ఎవరి తరం? కంపెనీ అదే నంబరును మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్‌లోనూ (బోర్డు చిప్‌లోనే ఉండే ప్రోగ్రాం) రాసి పంపుతుంది. యంత్రం వివరాలు ఏ రూపంలో ఉండాలో చెప్పే ఎస్‌ఎంబయోస్ ప్రమాణం ప్రకారం అదొక పట్టికలో ఉంటుంది. విండోస్ అయినా లినక్స్ అయినా అక్కడి నుంచే చదువుతాయి.

విండోస్‌లో అందరి నోటా నానేది ‘డబ్ల్యూఎంఐసీ బయోస్ గెట్ సీరియల్‌నంబర్’. దాన్ని ఇప్పుడు కొత్తగా అలవాటు చేసుకోవద్దు. మైక్రోసాఫ్ట్ దానికి ఎప్పుడో స్వస్తి ప్రకటించింది, విండోస్ 11 కొత్త కూర్పుల్లో అది ముందే సిద్ధంగా ఉండదు. విండోస్‌లోనే ఉండే పవర్‌షెల్ అనే కమాండ్ తెర తెరిచి ‘గెట్-సిమ్‌ఇన్‌స్టెన్స్ విన్32_బయోస్’ కొట్టండి. లినక్స్‌లో ‘సుడో డీఎంఐడీకోడ్ -ఎస్ సిస్టమ్-సీరియల్-నంబర్’ (‘సుడో’ అంటే అడ్మిన్ అధికారంతో నడపమని). మధ్యాహ్న భోజనం లోపు మీ పని అయిపోతుంది.

బోర్డు వైద్యుడు

నల్లతెర గారు రోజూ కీబోర్డు వైపు నుంచి చూస్తారు, నేను స్క్రూడ్రైవర్ వైపు నుంచి చూస్తాను. ఆయన చెప్పినదంతా కొత్త యంత్రానికి నిజం. బోర్డు ఒకసారి మారాక ఆ మాట నిలబడదు.

నంబరు ఉండేది బోర్డు మీద అని ఆయనే అన్నారు కదా. మరి బోర్డు కాలిపోయి కొత్తది వేసినప్పుడు నంబరు ఎక్కడికి పోతుంది? పాత బోర్డుతో పాటు చెత్తబుట్టలోకి. బాధ్యతగల సర్వీసు కేంద్రం కంపెనీ ఇచ్చిన సాధనంతో పాత నంబరును కొత్త బోర్డులో తిరిగి రాస్తుంది. హడావుడిలో ఉన్నవాడు రాయడు. సెకండ్ హ్యాండ్ బోర్డు వేస్తే ఇంకా చిక్కు: ఎక్కడో ఎవరిదో ల్యాప్‌టాప్ నంబరు మీ ల్యాప్‌టాప్ చెబుతుంది, అదీ ఎంతో ధీమాగా. తిప్పి చూస్తే పాత స్టిక్కరు మాత్రం అడుగున అలాగే అంటుకుని ఉంటుంది.

ఇక ఆ అసెంబుల్డ్ వరుస సంగతి. వాటిలో ఒకదాని ముందు కూర్చుని కమాండ్ కొట్టండి. నంబరు రావలసిన చోట ‘టు బీ ఫిల్డ్ బై ఓ.ఈ.ఎమ్.’ అనో, ‘డీఫాల్ట్ స్ట్రింగ్’ అనో వస్తుంది. బోర్డు తయారుచేసినవాడు ఆ గడి నింపడం అమ్మేవాడి పని అని వదిలేస్తాడు, అమ్మేవాడికి అలాంటి గడి ఒకటి ఉందనే తెలియదు. వరుస మొత్తం ఒకే జవాబు చెబుతుంది. ఎక్సెల్‌లో డూప్లికేట్లు తీసేసే బటన్ నొక్కారంటే వరుసంతా కలిసి ఒకే కంప్యూటర్ అయిపోతుంది!

నల్లతెర

వైద్యుడు గారూ, ఒప్పుకోదగ్గ మాటే, కానీ కమాండ్‌ను సరిగ్గా అడగాలి. ఆ పట్టికలో సీరియల్ నంబరు ఒకటే కాదు; సిస్టమ్‌కు ఒకటి, బేస్‌బోర్డుకు (అంటే మదర్‌బోర్డుకు) ఒకటి, ఛాసిస్‌కు (అంటే డబ్బాకు) ఒకటి వేర్వేరు గళ్లున్నాయి. అసెంబుల్డ్ యంత్రాల్లో సిస్టమ్ గడి ఖాళీగా ఉన్నా, ‘బేస్‌బోర్డ్-సీరియల్-నంబర్’ అడిగితే చాలాసార్లు అసలు నంబరు పలుకుతుంది. డిస్కుకు ఎలాగూ దాని నంబరు దానికే ఉంటుంది, ‘స్మార్ట్‌సీటీఎల్ -ఐ’ చెబుతుంది. ఇవన్నీ పక్కపక్కన పెడితే బోర్డు మారిందా డిస్కు మారిందా అన్నది కూడా తెలుస్తుంది. ఏ స్టిక్కరు చెబుతుంది ఆ మాట?

చిట్టా పద్దు

ఆడిట్ వైపు నుంచి ఒక మాట. మీ ఇద్దరి వాదనలోనూ ఇన్‌వాయిస్ ఊసే లేదు. రిజిస్టర్‌లో మొదటిసారి ఎక్కిన నంబరు కొన్న రోజు బిల్లు మీదిది. వారంటీ దాని మీద, బీమా దాని మీద, చివరికి తుక్కు కింద అమ్మేటప్పుడు రైట్-ఆఫ్ చేసేదీ (లెక్కల్లోంచి కొట్టేసేదీ) దాని మీదే. బిల్లు నంబరూ డబ్బా స్టిక్కరూ ఒకటే కాబట్టి పెద్దాయన స్టిక్కరు అడుగుతున్నారు. అందులో చాదస్తం ఏమీ లేదు.

ఇంకొకటి. కాలిపోయిన యంత్రం, ప్లగ్గు తీసి మూలన పెట్టిన యంత్రం మీ కమాండ్‌కు పలకవు. రిజిస్టర్‌లో మాత్రం వాటికీ విలువ ఉంటుంది. పలికినవాటినే లెక్కపెడితే తనిఖీ ఎలా అవుతుంది?

మేఘసందేహం

చిట్టా పద్దు గారి మాటకు రెండో వైపు కూడా ఉంది. పలికినదల్లా యంత్రమూ కాదు. నేను పనిచేసేది వర్చువల్ సర్వర్లతో, అంటే ఒక యంత్రం లోపల సాఫ్ట్‌వేర్ సృష్టించే ఉత్తుత్తి యంత్రాలతో. వాటిని నడిపే క్యూఈఎంయూ అనే ప్రోగ్రాంలో ‘-ఎస్‌ఎంబయోస్ టైప్=1,సీరియల్=’ అని రాసి పక్కన మీకు తోచినది పెట్టండి, లోపలి లినక్స్ అదే తన సీరియల్ నంబరని చెబుతుంది. అలాంటిదే మరొకటైన వీఎంవేర్ అయితే నంబరు ముందు తన పేరు తగిలిస్తుంది కాబట్టి కనీసం గుర్తుపట్టగలం. ల్యాబ్ సర్వర్ మీద విద్యార్థులు నడిపే వర్చువల్ మెషీన్లు ఉంటే, నెట్‌వర్కు మీద నుంచి లాగిన జాబితాలో అవీ కంప్యూటర్లలాగే వచ్చి కూర్చుంటాయి. కొనని వాటిని లెక్కలో చూపించి ఏం జవాబు చెబుతారు?

ఉప్పుచేప

కొంచెం పక్కకు వెళ్తున్నాను, క్షమించండి. లినక్స్‌లో ‘సుడో’ లేకుండా ఈ నంబరు ఎందుకు ఇవ్వదు? ‘/సిస్/క్లాస్/డీఎంఐ/ఐడీ’ ఫోల్డర్‌లో ‘ప్రొడక్ట్_నేమ్’ ఎవరైనా చదవవచ్చు, ‘ప్రొడక్ట్_సీరియల్’ మాత్రం రూట్‌కే, అంటే అడ్మిన్‌కే. విండోస్‌లో మామూలు ఖాతాతోనే వచ్చేస్తోంది. సీరియల్ నంబరేమీ పాస్‌వర్డ్ కాదే!

మేఘసందేహం

పాస్‌వర్డ్ కాదు, నిజమే. కానీ ఫార్మాట్ చేసినా, ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినా మారని గుర్తు అది. ఏ ప్రోగ్రామైనా చదవగలిగితే మిమ్మల్ని ఎక్కడికైనా వెంబడించవచ్చు. ఇంటెల్ 1999లో పెంటియం 3 చిప్‌లోనే ఒక సీరియల్ నంబరు పెట్టి, సాఫ్ట్‌వేర్ చదువుకునేలా చేసింది. వ్యక్తిగత గోప్యత కోరేవాళ్లు బహిష్కరణకు పిలుపునిచ్చేంత గొడవ అయింది. పెంటియం 4లో ఆ నంబరు లేదు. లినక్స్ జాగ్రత్తే సరైనదని నా అభిప్రాయం. ల్యాబ్‌లో కూర్చునే ప్రతి విద్యార్థికీ ఆ నంబరుతో పనేమిటి?

నల్లతెర

అదే నంబరు డబ్బా మీద పెద్ద అక్షరాలతో అంటించి ఉంటే లేని ముప్పు, తెర మీద చూపిస్తే వచ్చిందా?

మేఘసందేహం

డబ్బా మీదది చదవాలంటే మనిషి ఆ గదిలోకి రావాలి. తెర వెనకది చదవడానికి ఒక ప్రోగ్రాం చాలు.

ల్యాబ్ తాళాలు

చర్చ చదివి పెద్దాయన ముఖం వెలిగిపోయింది, ముఖ్యంగా చిట్టా పద్దు గారి దగ్గర. నిన్న ఇద్దరం కలిసి కూర్చున్నాం, నేను కమాండ్ కొట్టడం, ఆయన స్టిక్కరు చదవడం. కంపెనీ డెస్క్‌టాప్‌లన్నిటిలోనూ రెండూ కలిశాయి. అసెంబుల్డ్ వరుసలో వైద్యుడు గారు చెప్పిన ‘డీఫాల్ట్ స్ట్రింగ్’ వచ్చింది. నల్లతెర గారు చెప్పినట్లు బేస్‌బోర్డు అడిగితే వేర్వేరు నంబర్లు వచ్చాయి, కాబట్టి ఆ వరుసకు అవే రాసుకున్నాం. చిక్కల్లా బీరువాలోని ఒక డెల్ ల్యాప్‌టాప్. అడుగున ఒక సర్వీస్ ట్యాగ్ (డెల్ సీరియల్ నంబరుకు పెట్టిన పేరు), పవర్‌షెల్‌లో మరొకటి. రెండూ ఏడేసి అక్షరాలే, రెండూ అసలైనవిగానే కనిపిస్తున్నాయి. ఏది రాయాలి?

చిట్టా పద్దు

బిల్లు మీద ఉన్నదే రిజిస్టర్‌లో రాయండి. రెండోది రిమార్కుల గడిలో రాసి, ఇద్దరూ సంతకం చేసి తేదీ వేయండి. ఆ తేడాను దాచారంటే మాత్రం వచ్చే ఏడాది అడిగేది మిమ్మల్నే.

బోర్డు వైద్యుడు

ముందు ఆ ల్యాప్‌టాప్ ఎప్పుడైనా మరమ్మతుకు వెళ్లిందేమో రసీదులు వెతకండి. తర్వాత డెల్ సైట్‌లో రెండు ట్యాగ్‌లూ వేసి చూడండి, ఏది ఏ మోడల్‌దో చెబుతుంది. కమాండ్ చూపిన ట్యాగ్ కూడా అదే మోడల్‌ది అయితే బోర్డు మార్చి ఉంటారు, సర్వీసు చేసినవాళ్లను పిలిచి అసలు ట్యాగ్ తిరిగి రాయించుకోవచ్చు. ట్యాగ్ వేరే మోడల్‌ది అని వస్తే అడుగు మూత మారిందా, లోపల బోర్డు మారిందా అని విప్పి చూడాల్సిందే. మీ పెద్దాయన్నూ పక్కన కూర్చోబెట్టుకోండి, ఈసారి టార్చి అవసరం నిజంగానే పడుతుంది.