మొహానికి గ్లేజ్ లేని చైనా బొమ్మ: నిజంగా టాంగ్ కాలందేనా?

శ్రీలత_ఎడిసన్
అందరికీ నమస్కారం. మా పక్క ఊళ్ళో ఒక పెద్దాయన పోతే ఆయన ఇంటి సామానంతా ఎస్టేట్ సేల్‌లో పెట్టారు. అక్కడ ఈ బొమ్మని 140 డాలర్లకి కొన్నాను. అడుగు మీద రెండంగుళాల ఎత్తు, నిలబడ్డ మనిషి, పగ్గం పట్టుకున్నట్టు రెండు పిడికిళ్ళూ ముందుకున్నాయి, పగ్గం లేదు. కోటు తేనె రంగు, కాలరు ఆకుపచ్చ. రంగులు ఒకదాన్లోకి ఒకటి కారి మోకాళ్ళ కింద బొట్లుగా ఆగిపోయాయి. మొహానికీ మెడకీ గ్లేజ్ (గాజులాంటి మెరుపు పూత) లేదు. చీటీ మీద "టాంగ్ స్టైల్" అని రాశారు. పాతదా, కొత్తదా? దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి, ఎందుకు అడుగుతున్నానో తర్వాత చెప్తాను.

కుంభకారుడు
సెరామిక్స్ లైనులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. దీన్ని సాన్‌సాయి అంటారు, అంటే మూడు రంగులు. ముందు మట్టి బొమ్మని దాదాపు 1000 డిగ్రీల్లో కాలుస్తారు, తర్వాత సీసం గ్లేజ్ పూసి తక్కువ వేడిలో ఇంకోసారి కాలుస్తారు. రాగి వేస్తే ఆకుపచ్చ, ఇనుము వేస్తే తేనె రంగు, ఖరీదైన వాటిల్లో కోబాల్ట్ నీలం కూడా ఉంటుంది. సీసం గ్లేజ్ బట్టీలో నెయ్యిలా కారిపోతుంది. మొహం మీద పూస్తే కళ్ళూ పెదాలూ కలిసిపోతాయి, అందుకే మొహం వదిలేసి, కాల్చాక రంగులతో దిద్దేవాళ్ళు. చైనాని టాంగ్ వంశం ఏలింది 618 నుంచి 907 దాకా. ఈ బొమ్మలు ఎక్కువగా 7వ శతాబ్దం చివర్నుంచి 755లో ఆన్ లూషాన్ అనే సేనాని తిరుగుబాటు వచ్చేదాకా చేసినవి. గ్లేజ్ లేని మొహం బలమైన గుర్తు. టీఎల్ (థర్మోల్యూమినిసెన్స్) పరీక్షకి పంపండి, కాస్త పొడి గీకి తీసి ఎప్పుడు కాల్చారో చెప్తారు, తేలిపోతుంది.

పాతసామాను
మొహానికి గ్లేజ్ లేకపోతే టాంగ్ అయిపోదు సార్. దక్షిణ చైనాలో ఫోషాన్ దగ్గర షివాన్‌లో చేసిన మడ్‌మెన్ అనే మట్టి మనుషుల బొమ్మలకి కూడా మొహం, చేతులు ఒట్టి మట్టే. అవి నూరేళ్ళవి, అంతే. అడుగున ఇంగ్లీషులో చైనా అని అచ్చు ఉందేమో చూడండి. 1890 నాటి అమెరికా పన్ను చట్టం వల్ల ఎగుమతి సరుకు మీద దేశం పేరు కొట్టేవాళ్ళు.

కుంభకారుడు
మడ్‌మెన్‌లో మట్టి రంగే కనబడుతుంది. టాంగ్ బొమ్మ మొహం మీద తెల్లటి పూత, దానిమీద రంగు జాడలు ఉంటాయి. రెండూ ఒకటెలా అవుతాయి?

పాతసామాను
మీరు మొదట "గ్లేజ్ లేదు" అనే రాశారు. పూత మాట ఇప్పుడు వచ్చింది.

కుంభకారుడు
"రంగులతో దిద్దేవాళ్ళు" అని రాశాను, మళ్ళీ చదవండి.

హైదరాబాదీ_1974
సాలార్‌జంగ్‌లో చైనా గది చూశాను, ఇలాంటిది కనపడలేదు.

పాతసామాను
అవి ఎక్కువగా పింగాణీ అన్నా, ఇది వేరు.

సింగపూర్_రవి
టీఎల్ అన్న మాట చూసి ఆగలేక రాస్తున్నాను. ఆరేళ్ళ కింద ఒక టాంగ్ గుర్రం కొన్నాను, 6,500 డాలర్లు, లాబ్ సర్టిఫికెట్‌తో సహా. రెండేళ్ళ తర్వాత ఇంకోచోట చూపిస్తే వెనక కాళ్ళు పాతవి, మిగతా ఒళ్ళంతా కొత్తది అని తేలింది. పొడి తీసింది రెండు చోట్ల, రెండూ ఆ కాళ్ళే. విరిగిన పాత ముక్కలకి కొత్త ఒళ్ళు కట్టి, అతుకు మీద మట్టి పూసి అమ్మారు. అమ్మినాయన ఫోనెత్తడు. శ్రీలత గారూ, సర్టిఫికెట్ నమ్మకండి.

కుంభకారుడు
రవి గారూ, మీకు జరిగింది బాధాకరం. కానీ అది పరీక్ష తప్పు కాదు, పొడి తీసిన చోటు తప్పు. మట్టిలో ఉండే క్వార్ట్జ్ లాంటి స్ఫటికాలు చుట్టూ ఉన్న సహజ రేడియేషన్‌ని ఏళ్ళ తరబడి దాచుకుంటాయి. బట్టీలో కాలిస్తే లెక్క సున్నా అవుతుంది, అక్కణ్ణుంచి మళ్ళీ మొదలు. లాబ్‌లో వేడి చేస్తే ఆ దాచుకున్నదంతా వెలుగుగా బయటికొస్తుంది, ఎంత వెలుగొచ్చిందన్న దాన్నిబట్టి చివరిసారి ఎప్పుడు కాల్చారో చెప్తారు. దీంట్లో ఎవరి అభిప్రాయానికీ చోటు లేదు.

సింగపూర్_రవి
లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కదా, ఆ లెక్కని దొంగతనంగా పెంచడానికి కొత్త బొమ్మకి రేడియేషన్ కొట్టించేవాళ్ళు ఉన్నారని తెలుసా మీకు? పైగా వచ్చేది ఒక సంవత్సరం కాదు, వందల ఏళ్ళ తేడాతో చెప్తారు.

కుంభకారుడు
నిన్నటిదా, వెయ్యేళ్ళదా అన్నది తేలడానికి వందల ఏళ్ళ తేడా అడ్డం కాదు. మీ డబ్బు పోయిందని సైన్స్‌నే తప్పంటే ఎలా?

సింగపూర్_రవి
డబ్బు గురించి మాట్లాడుతున్నానని మీకెవరు చెప్పారు?

వేణు_చికాగో
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. ఆవిడ అడిగింది ఒక బొమ్మ గురించి.

పాతసామాను
శ్రీలత గారూ, అడుగు భాగం ఫోటో పెట్టండి. ఈ గొడవకంటే అదే పనికొస్తుంది. ఆకుపచ్చ మీద భూతద్దం పెట్టి చూడండి, మట్టిలో ఏళ్ళ తరబడి ఉన్న సీసం గ్లేజ్ మీద వెండి తళుకు లాంటి పొర ఉంటుంది.

శ్రీలత_ఎడిసన్
చూశాను. అడుగున నల్ల ఫెల్ట్ గుడ్డ అంటించి ఉంటే వేడి నీళ్ళ గుడ్డతో నానబెట్టి మెల్లగా తీశాను. అచ్చు ఏమీ లేదు. మట్టి తెలుపులో కొంచెం గులాబీ కలిసినట్టుంది, గోరుతో గీస్తే పొడి రాలింది. ఎడమ భుజం మీద ఆకుపచ్చ చోట పావు బిళ్ళంత మేర నెమలి కంఠంలా మెరుస్తోంది, తుడిస్తే పోలేదు. కుడి చెవి వెనక సన్నగా నారింజ రంగు మిగిలి ఉంది. ఎందుకు అడిగానో ఇప్పుడు చెప్తాను. మా అత్తయ్య గారికి ఈ బొమ్మ నచ్చి హాల్లో దీపం స్టాండ్ పక్కన పెట్టుకున్నారు. టాంగ్ బొమ్మలు సమాధుల్లో పెట్టేవాళ్ళట, ఇది సమాధిలోంచి వచ్చిందయితే ఇంట్లో ఉంచనివ్వరు, నాక్కూడా మనసొప్పదు. కొత్తది అని తేలితే హాయిగా ఉంటుంది. టాంగ్ కావాలని కాదు, కాకూడదని అడుగుతున్నాను.

సింగపూర్_రవి
ఇదీ అసలు సంగతి. నేను ఆ గుర్రం తర్వాత చైనాలో లుయోయాంగ్ వెళ్ళొచ్చాను. 1900ల మొదట్లో అక్కడ రైలు పట్టాల కోసం తవ్వుతుంటే సమాధుల్లోంచి ఇవి గుట్టలుగా బయటపడ్డాయి, లోకానికి వీటి సంగతి తెలిసింది అప్పుడే. దగ్గర్లో నాన్‌షిషాన్ అనే ఊరుంది, ఇంటింటా సాన్‌సాయి నకళ్ళు చేస్తారు, దాచకుండా నకలనే చెప్పి అమ్ముతారు. ఒకాయన పక్కన కూర్చుని గ్లేజ్ పూయడం చూశాను, చెయ్యి వణకలేదు. నాకు కోపం ఆయన మీద కాదు. కుంభకారుడు గారూ, మీ పరీక్ష "పాతది" అంటే మీకు సంతోషం, ఎవరో ఒకరి సమాధి తవ్వితేనే అది అలా చెప్పగలదు. కొత్తదయితే నేను మోసపోయాను, పాతదయితే దొంగకి డబ్బిచ్చాను. 6,500లో ఏది జరిగి ఉంటే బాగుండేదో నాకు ఇప్పటికీ తెలీదు.

కుంభకారుడు
పాతవన్నీ దొంగ సొత్తు అనడం అన్యాయం. ఆ రైలు తవ్వకాల్లో వచ్చినవి అప్పుడే కొని దాచినవాళ్ళు లేకపోతే ఎన్ని బొమ్మలు పగిలిపోయేవి? వాటిని చూసే కదా గ్లేజ్ సంగతులు ఇంత తెలుసుకున్నాం.

సింగపూర్_రవి
అప్పుడు సరే. ఇది ఎప్పుడు బయటికొచ్చింది? 2009 జనవరిలో అమెరికా, చైనా ఒప్పందం చేసుకున్నాయి, టాంగ్ చివరిదాకా ఉన్న పురావస్తువులు అంతకు ముందే చైనా దాటాయని కాగితాలు లేకపోతే అమెరికాలోకి తేకూడదు. వయసు చెప్పే యంత్రం ఆ సంగతి చెప్తుందా?

కుంభకారుడు
చెప్పదు. అది ఒప్పుకుంటాను. కానీ వయసు తెలియకుండా కాగితాలు దేనికి వెతకాలో కూడా తెలియదు. పాదం లోపలివైపు ఒకచోట, వీపు అతుకు దగ్గర ఒకచోట, తల లోపల ఒకచోట పొడి తీయించండి, మూడూ కలిస్తే నమ్మండి.

వేణు_చికాగో
మేడమ్, సేల్ పెట్టినవాళ్ళని కాగితాలు అడిగారా?

శ్రీలత_ఎడిసన్
నిన్న ఫోన్ చేశాను. కాగితాలేమీ లేవన్నారు. ఆ పెద్దాయన 1980ల్లో పని మీద హాంగ్‌కాంగ్ వెళ్ళొస్తుండేవారట, అక్కడ కొన్నారేమో అని వాళ్ళ అమ్మాయి అంది.

పాతసామాను
అయ్యో. ఆ రోజుల్లో చైనా సమాధుల సరుకు చాలావరకు హాంగ్‌కాంగ్ మీదుగానే బయటికొచ్చేది. నకళ్ళు కూడా అక్కడే అమ్మేవాళ్ళు అనుకోండి.

శ్రీలత_ఎడిసన్
అత్తయ్య గారికి ఈ మాటలన్నీ చదివి వినిపించాను. ఏమీ అనలేదు. సాయంత్రం నేను ఆఫీసు పని ముగించి కిందికొచ్చేసరికి బొమ్మని పాత చీర ముక్కలో చుట్టి గ్యారేజీలో పెట్టె మీద, కింద పడకుండా గోడకి ఆనించి పెట్టారు. మొహం మాత్రం కప్పలేదు. పరీక్షకి పంపుతాను, మూడు చోట్లా పొడి తీయమని రాస్తాను. పాతదని వస్తే ఎవరికి అప్పజెప్పాలో రవి గారూ, మీరే చెప్పాలి.

సింగపూర్_రవి
చెప్తాను అమ్మా. ఫలితం రానివ్వండి.