వించెస్టర్ నీటి మర చూడదగ్గదేనా?

హన్మకొండ నుండి ప్రశ్న:
వచ్చే నెల మా అబ్బాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్తున్నాము. అక్కడి వించెస్టర్ పట్టణంలో ఇచెన్ నది నీటితో తిరిగే పాత పిండిమరను స్వచ్ఛంద సేవకులే నడుపుతారని విన్నాను. రామప్ప చెరువు తూములను చూసినప్పటి నుండి ఇటువంటి పనితనం మీద ఆసక్తి పెరిగిన నాకు అక్కడ ఒక పూట గడపడం దండగ కాదు కదా?

కరీంనగర్ నుండి జవాబు:
దండగ కాదండీ. 18వ శతాబ్దిలో తిరిగి కట్టిన ఆ మర 1931లో యువజన వసతిగృహంగా మారి, 2004లో మళ్ళీ పిండి విసరసాగింది. అయితే మర ఆడించే రోజేదో ముందుగా కనుక్కొని వెళ్ళండి; ఆగి ఉన్న చక్రాన్ని చూస్తే సగమే చూసినట్టు.

ములుగు నుండి జవాబు:
చక్రం నిదానంగానే తిరుగుతుంది కానీ, దాని ఇరుసుకున్న పెద్ద పళ్ళచక్రం చిన్నదాన్ని తిప్పడం వల్ల పైరాయి వేగం అందుకుంటుంది. కిందిరాయి కదలదు, అచ్చం మన ఇసుర్రాయే. గింజలు అయిపోతే రాళ్ళు ఒరుసుకొని నిప్పురవ్వలు లేస్తాయి కనుక, పాత మరల్లో హెచ్చరికగా గంట కట్టేవారు. రాళ్ళకు కక్కు కొట్టడం, అంటే అరిగిన రాతిని ఉలితో మళ్ళీ గరుకు చేయడం గురించి అక్కడి సేవకులను తప్పక అడగండి. మన పల్లెల్లో ఆ పని చేసేవారు ఇప్పుడు అరుదు.

హన్మకొండ నుండి:
ధన్యవాదాలండీ. మా అమ్మ ఇసుర్రాయి ఇంకా పెరట్లోనే ఉంది. దాని ఫొటో వారికి చూపిస్తాను.