యోహాను పేరుకు ఆడపిల్ల రూపం ఏది?
మా తాతగారి పేరు యోహాను. ఆ పేరే మా పాపకు రావాలని నాన్నగారి పట్టు. హీబ్రూలో యోహానాన్ అంటే ‘యెహోవా కనికరించాడు’ అని అర్థం. గ్రీకు, లాటిన్ల మీదుగా అదే జాన్, హువాన్, ఇవాన్, జొవాన్ని అయింది. అన్నీ మగపేర్లే! తెలుగు బైబిలులో లూకా 8:3లో కూజా భార్య యోహన్న ఉంది. నాకు అదే నచ్చింది. అత్తగారేమో హన్నా చాలంటున్నారు. దానికీ మూలం ఆ ‘కనికరం’ ధాతువే కాబట్టి గట్టిగా కాదనలేకపోతున్నాను.

ఇజ్రాయెల్‌లో పనిచేస్తున్న మనవాళ్లు, హీబ్రూ చదివినవారు దయచేసి చెప్పండి. యోహన్న అని అక్కడ ఆడపిల్లలకు ఇప్పుడు పెడుతున్నారా? మధ్య అక్షరాన్ని మామూలు ‘హ’లా పలకాలా, గొంతులోంచి ‘ఖ’లానా? జనన ధ్రువపత్రంలో ఏ అక్షరం రాయిస్తే మేలు?